ఓవెన్‌లో పెట్టిన రాయి

మా బావ ముప్పై ఒక్క ఏళ్ళు రాళ్ళు అరగదీశాడు. చమురు బావుల్లోంచి తీసిన ఇసుకరాయికి నీలం జిగురు పట్టించి, వెలుతురు దూరేంత పల్చన చేసేవాడు. మైక్రోస్కోపులో నీలంగా కనపడిందంతా ఖాళీ. చమురు ఉండేది అక్కడే. నేను ఊళ్ళు తిరిగి తిరిగి ఆయనింట్లో దిగినప్పుడల్లా అవే కబుర్లు. నేను చదివిన భూగోళాల్లో కొండలూ నదులూ తప్ప ఈ సంగతులెక్కడా లేవు.

"పూడుకుపోయాక ఇసుక ఊరుకోదురా. బరువుకి గింజలు నొక్కుకుంటాయి. వేడినీళ్ళు సిమెంటులాంటిది తెచ్చి సందులు మూసేస్తాయి. ఒక్కోసారి ఆ నీళ్ళే గింజని కరిగించి కొత్త కన్నం పెడతాయి."

"మూసినా తెరిచినా నీళ్ళేనా! మా అక్క నోటికైతే తెరవడమొక్కటే తెలుసు బావా."

"వినపడుతోందిరా. కంచం లాగేస్తా" అంది అక్క వంటింట్లోంచి.

రాయి విషయంలో బావ మాటంటే మాటే. ఆ పేరొక్కటే ఆయన ఆస్తి. ఉద్యోగం ఇంకో ఏడాది ఉందనగా ఒక రాయి వచ్చింది. ఐదో వంతు నీలమే! ల్యాబంతా ఆయన బల్ల చుట్టూ మూగింది. కానీ ఆ కన్నాల్లో బంకమన్ను వెంట్రుకల్లా అల్లుకుని ఉంది. గాలి పంపి పరీక్షించే ముందు అలాంటి రాయిని తేమగాలిలో రెండు వారాలు నిదానంగా ఆరబెట్టాలి.

"సోమవారం మీటింగయ్యా. ఓవెన్‌లో పడెయ్" అన్నాడు ఆఫీసరు.

"వేడికి ఆ వెంట్రుకలు గోడలకి అతుక్కుపోతాయండీ. దారి లేనిచోట ఉన్నట్టు లెక్క వస్తుంది."

"రాళ్ళతో మాట్లాడీ మాట్లాడీ మనుషులతో మాట్లాడటం మర్చిపోయావు."

అందరూ నవ్వారు. బావ కూడా నవ్వి, రాయిని ఓవెన్‌లో పెట్టి, నివేదికలో ‘ఆరబెట్టినవారు’ అన్నచోట సంతకం చేశాడు. పరీక్షలో గాలి రాయిలోంచి రివ్వున దూసుకుపోయింది. ఆ నివేదిక నమ్మి బావి తవ్వారు. లోపల చమురుంది. వెంట్రుకల్లో చిక్కుకుని, పైకి మాత్రం రాలేదు.

ఎంక్వైరీలో ఆఫీసరు బావ సంతకం చూపించాడు.

"మీరే కదండీ పెట్టమన్నారు?"

"కాగితం ఉందా?"

లేదు. బావని బల్ల దగ్గర్నుంచి లేపి, గోడౌనులో పెట్టెలకు చీటీలు అంటించే పని ఇచ్చారు.

"నేను వద్దని చెప్పాను కదే" అన్నాడు అక్కతో, ఆ సాయంత్రం చెప్పులు విప్పుతూ.

"చెప్పారు. చెప్పి, పెట్టారు. పెట్టకుండా ఉంటే ఆ ఆఫీసరు ఏం చేసేవాడు?"

ఎంక్వైరీలో ఎవరూ ఈ ప్రశ్న అడగలేదు. బావ రెండో చెప్పు విప్పడం ఆపి, మొదటిది మళ్ళీ తొడుక్కుని వీధిలోకి వెళ్ళిపోయాడు. రాయి సంగతి ఆ తర్వాత నాతో కూడా ఎత్తలేదు.