మెట్లు దిగినా వెనక్కి పిలవని అంగడి

మా నాయనకు ఆళ్లగడ్డలో బట్టల అంగడి. ఇప్పుడది నాది. గల్లాపెట్టె పక్కన పెరిగినవాడికి లోకంలో ప్రతి ధరా కొంత దిగేదే అనిపిస్తుంది. నేను గుడి దగ్గర కొబ్బరికాయ కూడా బేరమాడి కొంటాను, లోపల కుళ్లినదే వస్తుంది. అయినా మేనకోడలికి నీట్ ర్యాంకు రాగానే మా చెల్లెలు నన్నే నంద్యాలకు పిలిపించింది.

ఆ పిల్ల రాయడం అది రెండోసారి. ఎంబీబీఎస్‌లో తక్కువ ఫీజుకు దొరికే కన్వీనర్ కోటాలో నిరుడు చివరి సీటు ఏ ర్యాంకు దగ్గర ఆగిందో, ఈమె ర్యాంకు దానికి కొంచెం అటూ ఇటూగా ఉంది. ఈసారీ రాకపోతే డిగ్రీలో చేరాలని ఇంట్లో తేల్చేశారు. ఇంక కోచింగ్ లేదు.

“ఇంటర్‌లో అన్ని మార్కులు తెచ్చింది గదా. వాటిని ముందర పెడితే ర్యాంకులో కొంచెం సడలించరా?” అన్నాను.

“ఇంటర్ మార్కులు అర్హత వరకే మామా. సీటు కాడ వాటిని ఎవురూ చూడరు.”

“అయితే ఊరికేనా చదివింది?”

“ఊరికే ఏం కాదులే. ఫిజిక్స్ ఆడా అదే, ఈడా అదే.”

కాలేజీలకు ఆప్షన్లు పెట్టేందుకు ల్యాప్‌టాప్ ముందు కూర్చుంది. నా విద్య చూపించే సమయం వచ్చిందనుకున్నాను. కొనేవాడు చెప్పులేసుకుని మెట్లు దిగితేనే అంగడివాడు ‘రాప్పా, రా’ అని వెనక్కి పిలుస్తాడు. ఇది మా ఇంట్లో పాలతో పాటు పోసిన జ్ఞానం.

“నంద్యాల, కర్నూలు, కడప. మూడే పెట్టు,” అన్నాను. “దూరానివన్నీ పెడితే దీనికి గతిలేదనుకుంటారు. యాడో మూలకు తోసేస్తారు.”

“మామ చెప్పేది నిజమే మే,” అంది చెల్లెలు. “అంత దూరం యాడ పోతావ్?”

పిల్ల తల తిప్పలేదు. “ఎవురు అనుకునేది మామా? ఆడ కూర్చున్నది మనిషి కాదు, కంప్యూటర్. నా ర్యాంకు వంతు వచ్చినప్పుడు, నేను పెట్టినవి పైనుంచి చూసుకుంటా వస్తాది. ఖాళీ ఉన్నకాడ ఆగుతాది. మూడే పెడితే మూడే చూస్తాది. లేకుంటే దాటిపోతాది.”

“వెనక్కి పిలవదా?”

“నా వెనకున్న పిల్లను పిలుస్తాది.”

ఆ మాట నాకు తగిలింది. సరుకు తక్కువై జనం ఎగబడిన రోజు మా నాయన కూడా మెట్లు దిగినవాణ్ని పిలిచిన పాపాన పోలేదు. అయినా బేరగాడి నోరు ఊరుకోదు.

“పోనీ, రాని నంద్యాలను పైన పెట్టడమెందుకు? వచ్చేదాన్నే పైన పెట్టు.”

“పైన పెట్టినదాంట్లో రాకుంటే పోయేదేం లేదు మామా. కిందదానికి దిగుతాది, అంతే.”

“నువ్వు గమ్మునుండు న్నా,” అని చెల్లెలు పక్షం మార్చింది.

పిల్ల తనకు పనికొచ్చే కాలేజీలన్నీ ఇష్టం వచ్చిన వరుసలో పెట్టి, ఒక్కసారి కళ్లు మూసుకుని సబ్మిట్ నొక్కింది.

సీట్ల కేటాయింపు వచ్చిన రోజు నేను అంగట్లో చీరల మధ్య ఉన్నాను. చెల్లెలు ఫోను చేసింది.

“వచ్చింది న్నా. నంద్యాల కాదు, కర్నూలూ కాదు. నెల్లూరు దిక్కు యాడో అంట.” ఏడుపో సంతోషమో ఆమెకే తెలియనట్టుంది గొంతు.

“చేరకుండా రెండో రౌండు దాకా ఆగమను,” అన్నాను.

ఫోను పిల్ల లాక్కుంది. “చేరతా మామా. చేరినాక రెండో రౌండులో దగ్గరికి వస్తే వస్తాది. రాకుంటే ఆడే చదువుకుంటా. చేతికొచ్చింది వదిలేది లేదు.”

ఆ కాలేజీ పేరు మా ఇంట్లో ఎవరూ అంతకుముందు వినలేదు. ముగ్గురం బస్సెక్కి వెళ్లాం. సర్టిఫికెట్ల పరిశీలనకు పిల్లను ఒక్కదాన్నే లోపలికి పంపారు. చెల్లెలు గేటు దగ్గర నిలబడి, అక్కడి ఆడపిల్లల మొహాలు ఒక్కొక్కటే చూస్తోంది. నేను కాపలాదారుతో మాట కలపబోయాను. ఆయన చేత్తోనే గేటు వైపు చూపించాడు.

చాలాసేపటికి పిల్ల బయటికి వచ్చింది. ఒరిజినల్స్ అన్నీ వాళ్ల దగ్గరే ఉంచుకున్నారు. చంకలో ఖాళీ ఫైలు.

“అయిపోయిందా?” అంది చెల్లెలు.

“అయిపోయిందిమా. ఆకలైతాంది. ఏమన్నా తిందాం పాండి.”