డీలియా బిడ్డ, కొండమీది రాళ్లకుప్ప

ఐర్లండ్‌లోని మేయో కొండల్లో డీలియా నోటికి జడవనివాళ్లు లేరు. ఉత్తరం ఆలస్యమైతే పోస్టుమాన్‌కి చీవాట్లు, పక్కింటి గొర్రె బంగాళాదుంప మడిలో దూరితే ఆ ఇంటిల్లిపాదికీ తిట్లు. అంత నోరున్న మనిషీ ఒక్క విషయంలో మాత్రం ముప్ఫై ఏళ్లు నోరు కుట్టేసుకుంది.

తొలికాన్పులో ఆడపిల్ల పుట్టగానే పోయింది. జ్ఞానస్నానం కాని బిడ్డకు చర్చి శ్మశానంలో చోటు లేదన్నారు. అలాంటి బిడ్డల తండ్రులందరూ చేసే పనే ఆమె మొగుడు ఫెస్టీ కూడా చేశాడు. బిడ్డను సబ్బుల పెట్టెలో పెట్టుకుని, ఏ కాలపు మనుషులో తమవాళ్లను పూడ్చి పేర్చిన కొండమీది రాళ్లకుప్ప దగ్గరకు ఒక్కడే వెళ్లాడు. పచ్చి బాలింతను మంచం దిగనివ్వలేదు. ఏ రాతి కింద పెట్టాడో ఆమె అడగలేదు, అతను చెప్పలేదు.

ఈ వేసవిలో ఆ కుప్పను తవ్వడానికి డబ్లిన్ నుంచి పురావస్తు శాఖ మనుషులొచ్చారు. ఆ రోజు నుంచి డీలియాకి తిండి సయించలేదు.

"పిల్లని పట్టుకుపోతారయ్యా. వెళ్లి చెప్పు."

"ఇన్నేళ్లకి ఊళ్లో నవ్వులపాలు కమ్మంటావా? ఊరుకోవే" అన్నాడు ఫెస్టీ, టీ కప్పులోంచి తలెత్తకుండా.

"నీకేం! మోసింది నేను."

శుక్రవారం పొద్దున చిన్న ఎముకలు బయటపడ్డాయని తెలిసింది. ఊరు ఊరంతా కొండెక్కింది. సన్నగా వాన. తవ్వకాలు చూసే గ్రానియా అనే అమ్మాయి గుంట పక్కన నిలబడి చెప్పింది.

"అడుగున ఉన్నది వేల ఏళ్లనాటి శవాల బూడిద. పైన ఐదుగురు పసిపిల్లలు, ఈ కాలపువాళ్లే. ఎవరి బిడ్డ ఎవరో చెబితే అప్పగిస్తాం. లేకపోతే డబ్లిన్ తీసుకెళ్లాలి."

అందరికీ తెలుసు. అయినా అందరూ బూట్లకేసి చూసుకున్నారు. ఒళ్లు మండిపోదూ!

"ఒకతి నా కూతురు" అంది డీలియా. ఫెస్టీ చెయ్యి పట్టి లాగాడు. "వదులు! పేరు కూడా పెట్టుకున్నాను. ఊనా."

"వీళ్లలో ఊనా ఎవరమ్మా?" అని అడిగింది గ్రానియా.

కన్నతల్లే గాని, ఏ బిడ్డని చూపించగలదు? డీలియా తిరిగి మొగుడి ముఖంలోకి చూసింది.

ఫెస్టీ వచ్చి బురదలో మోకాళ్ల మీద కూలబడ్డాడు. "ఇదిగో, ఈ పలకరాయి పక్కన. పెట్టెలో తల కింద గట్టిగా ఉంటుందని... నా టోపీ మడిచి పెట్టాను."

గ్రానియా వంగి, ఆ చిన్న తల కింద మట్టికి అంటుకున్న ఉన్ని పేలికను చూపించింది.

ముప్ఫై ఏళ్ల కిందట, బిడ్డను పూడ్చిన సాయంత్రం అతను ఉత్త తలతో, తడిసి ముద్దై ఇంటికొచ్చాడు. బిడ్డ పోయిన రోజున కూడా తాగి టోపీ పారేసుకొచ్చావా అని డీలియా మంచంలోంచే దులిపేసింది. ఆ తర్వాత ఏ గొడవొచ్చినా ఆ టోపీతోనే ఎత్తిపొడిచింది. అతను ఒక్కనాడూ ఎదురు చెప్పలేదు.

"ఒక్క మాట చెప్పి చావలేకపోయావా, ఫెస్టీ!" అంటూ తన శాలువా తీసి అతని తడితల మీద కప్పి, ఊరందరి ముందూ భోరుమంది.