పెద్దబాపు ఫోన్లో నడిచిన సాంచలు

భివండిలో పరువుగా బతుకుతున్న మా పెద్దబాపును, అంటే పెదనాన్నను, నలుగురిలో అబద్ధాలకోరుగా నిలబెట్టిన ఘనత నాది. అదీ కంటినిండా నిద్ర లేకుండా కష్టపడి మరీ సాధించాను. ఎలాగో చెబుతాను, మొహమాటపడకుండా నవ్వండి.

సాంచలంటే మరమగ్గాలు. షెడ్డులో ఏ సాంచ నడుస్తోందో, ఏది ఆగిందో పనివాళ్ళు నొక్కితే యజమానికి ఇంట్లోనే కనిపించేలా ఒక యాప్ చేశాను. పెద్దబాపు వాడితే మిగతా షెడ్లవాళ్ళూ వాడతారు. ఎవరూ వాడకపోతే నన్ను దారం దుకాణంలో పనికి పెడతానని బాపు తేల్చి చెప్పేశాడు.

పెద్దబాపు మొదటిసారి యాప్ తెరిచాడు. తెర తెల్లగా ఉంది.

"ఏంది బిడ్డా, ఏం కనవడ్తలేదు?"

"నీ సాంచలు ఇంకా యాప్ల ఎక్కియ్యలేదు పెద్దబాపు. అందుకే ఖాళీ."

"పొద్దుగాలనే నాకు ఖాళీ షెడ్డు సూపెడ్తవా?"

నాకు పంతం పట్టుకుంది. కొత్తవాళ్ళు తెరవగానే ఏం చేయాలో ఖాళీ తెరే చెప్పాలి, నేను నోరు విప్పకూడదు. విప్పితే నేను ఓడిపోయినట్టే. రాత్రీ పగలూ కూర్చుని ఆ తెర నిండా సాంచల బొమ్మలు పెట్టాను. అన్నిటికీ పచ్చదీపాలు, దారం పట్టుకుని అటూ ఇటూ పరిగెత్తే నాడెలు, కిందికి జారే బట్ట. అడుగున "ఇది నమూనా. మీ సాంచలు చేర్చడానికి ఇక్కడ నొక్కండి" అని రాశాను. పెద్ద అక్షరాలు పెడితే అందం చెడుతుందని చీమ తలకాయంత చేసి, లేత బూడిదరంగు పూశాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

పెద్దబాపు చూశాడు. మొహం విప్పారింది. "గిప్పుడు మంచిగున్నది. అన్ని నడుస్తున్నయ్."

అర్థమైందనుకుని నేను నోరు మూసుకున్నాను.

ఆ ఆదివారం వరాలా తలావ్ చెరువు దగ్గర చుట్టాలింట్లో నిశ్చితార్థం. షెడ్లవాళ్ళందరూ భోజనాల్లో ఉన్నారు. పెద్దబాపు ఫోన్ చేతులు మారుతోంది.

"నేను గీడ బువ్వ తింటున్న, ఆడ నా సాంచలు నడుస్తున్నయ్. మా తమ్ముని బిడ్డ చేసింది," అంటున్నాడు. నేను గాల్లో తేలుతున్నాను.

అప్పుడే పెద్దబాపు షెడ్డులో సాంచలు నడిపే మల్లేశం ఆటో దిగి వచ్చాడు.

"సేటూ, పొద్దుగాల సంది లైట్ లేదు, కరెంటే రాలే. సాంచలన్ని బంద్. అందరు ఇండ్లకు పోయిన్రు."

పెద్దబాపు ఫోన్ చూశాడు. నాడెలు పరిగెత్తుతూనే ఉన్నాయి.

"మరి గివి ఎవ్వని సాంచలు?" అని నా వైపు తిరిగాడు.

"నమూనాయి పెద్దబాపు."

"ఏడున్నయ్?"

"ఏడ లేవు."

పంక్తంతా గొల్లుమంది. సిగ్గుతో చచ్చిపోయాను. అయినా లేచి నిలబడ్డాను. "ఒక్క వారం ఇయ్యుండ్రి. ఖాళీ ఉంటె ఖాళీ అని, ఆగితె ఆగిందని సూపిస్త."

"వద్దు బిడ్డా," అన్నాడు ఎదుటి వరుసలో ముసలి షెడ్డు యజమాని. "గిట్లనే నాగ్గూడ పెట్టు. బట్ట ఏదని వ్యాపారి రోజు పాణం తీస్తడు. నడుస్తున్నయంటె నమ్మడు. గిది సూపెడ్త."

చూస్తుండగానే నా ముందు ఫోన్లు వరుస కట్టాయి. బాపు దారం దుకాణం ఊసే ఎత్తలేదు.

నేను మాట తప్పే రకం కాదు. వారంలో అందరి ఫోన్లలోనూ యాప్ సరిచేసి, పెద్దబాపు సాంచలన్నీ నా చేత్తోనే ఎక్కించాను. మర్నాడే ఫోన్ వచ్చింది.

"బిడ్డా, గిది మల్ల ఖరాబైంది. సాంచలన్ని ఆగినయని సూపెడ్తున్నది."

"ఆగినయ్ కద పెద్దబాపు. లైట్ లేదట."

"గా ముచ్చట మల్లేశం చెప్తడు. దానికి యాప్ ఎందుకు?"

సాయంత్రానికి యాప్ తీసేసినవాళ్ళలో మొదటివాడు మా పెద్దబాపే. బాపు మళ్ళీ దారం దుకాణం మాటెత్తాడు. ఎత్తనివ్వండి. కాబట్టి పాఠకులారా, అన్నం ముట్టుకుని ఒట్టేస్తున్నాను: ఖాళీ తెర మీద ఇక జన్మలో ఒక్క అబద్ధపు సాంచను కూడా నడపను. షెడ్లవాళ్ళు మాత్రం ఆ పాత యాప్ ఎవరి ఫోన్లోనైనా మిగిలిందేమోనని ఇంకా వెతుకుతూనే ఉన్నారు.