అంచు దాటిన సంతకం

మా మేనత్త చౌడమ్మ పుట్టింది రంగూనులో. ఆమె అన్న, అంటే మా నాయన సుబ్బయ్య, పుట్టింది కడప నుంచి రాయచోటికి పోయే దారిలో ఉన్న మా ఊళ్ళో. ఇద్దరికీ తల్లిదండ్రులు ఒకరే. ఒక కరువు ఏట మా తాత తిమ్మయ్య మగ్గం సామాను మూటగట్టి, అవ్వను వెంటబెట్టుకుని ఓడెక్కాడు. నాలుగేళ్ళ మా నాయనను ముత్తవ్వ దగ్గర వదిలాడు. రెండేళ్ళలో తిరిగొస్తానన్న మనిషి అక్కడే మగ్గం వేశాడు. అత్త అక్కడే పుట్టి, అక్కడే పెళ్ళాడి, అక్కడే భర్తను పోగొట్టుకుంది. అన్నాచెల్లెళ్ళు ఒకరినొకరు మొదటిసారి చూసుకున్నది యాభై ఆరులో, మద్రాసు రేవులో. అన్ని వందల మందిలో ఎట్లా పోల్చుకున్నావని అడిగితే, ముత్తవ్వ ముక్కు ఆమె ముఖం మీద కనిపించిందని నాయన చెప్పేవాడు.

అత్తకు పిల్లలు లేరు. ఒక ఇనుప పెట్టె, మా తాత మగ్గం మీద పోగు నడిపిన నాడె, ఆమె తెచ్చుకున్నది అంతే. మా వీధిలో ఆడవాళ్ళు నూలు కండెలు చుడతారు, పడుగు పోగులు సరిచేస్తారు. మగ్గం గుంతలో కూర్చునేది మగవాళ్ళే. అత్త వచ్చిన నాలుగో రోజున, ఇంట్లో ఖాళీగా ఉన్న రెండో మగ్గం గుంతలోకి దిగి కూర్చుంది. వీధిలో రెండు మూడు గొంతులు లేచాయి. నాయన ఆమెకు పడుగు ఎక్కించి ఇచ్చాడు. నెల తిరిగేసరికి ఆ గొంతుల వాళ్ళే వచ్చి, ఆమె నేసిన చీరను తిరగేసి, పచ్చని చీరకు ఎర్రని అంచు కలిసే చోట గోటితో గీకి చూసి, తలూపి వెళ్ళిపోయారు. వేరే రంగు అంచును చీరకు కలిపి నేయడం మా తాత దగ్గర ఆమె నేర్చుకున్న పని. చీర పోగు అంచు దాకా వచ్చి, అంచు పోగును మెలివేసుకుని వెనక్కి తిరగాలి. ప్రతి వరుసకూ అంతే. ఆ తర్వాత ఎంత లాగినా ఆ రెండూ విడిపోవు.

నేను ఆరో తరగతితో బడి మాని కండెలు చుట్టేదాన్ని. నా రాట్నం అత్త మగ్గం పక్కనే ఉండేది కాబట్టి రోజంతా ఆమె చేతులే చూసేదాన్ని. ఆమె మాటంటే మా ఊరి ముసలివాళ్ళకు ముచ్చట. మేము మరిచిపోయిన పాత పలుకులు ఆమె నోట అట్లాగే నిలిచి ఉన్నాయి.

అయినా కాగితాల్లో ఆమె పరదేశి. నెలకొకసారి పోలీసు హనుమన్న పుస్తకం పట్టుకుని వచ్చి, ఆమె ఊళ్ళోనే ఉన్నట్టు సంతకం పెట్టించుకునేవాడు. మజ్జిగ తాగి, కాసేపు కూర్చుని పోయేవాడు. యాభై ఎనిమిది సంక్రాంతి దాటిన తర్వాత ఒకరోజు మజ్జిగ చెంబు ముట్టలేదు.

“నీ మాట మా ముసలి జేజి మాట మాదిరి ఉండాదమ్మా. కాగితం మాత్రం పరదేశి అంటాది. నేనేం జేసేది?” అన్నాడు.

ఆమె ఇక్కడ ఉండడానికి ఇచ్చిన గడువు ఇప్పటికే రెండుసార్లు పెంచారట. మార్చి నెలాఖరుకు తీరిపోతుంది, ఇక పెంచరు. ఈలోగా ఈ దేశపు పౌరురాలిగా నమోదు చేయమని అర్జీ పెట్టుకుని, దాన్ని కడప కలెక్టరు కచేరీలో తీసుకుంటే సరి. లేకపోతే తిరిగి ఓడెక్కాలి. అక్కడ ఆమె కోసం తలుపు తీసేవాళ్ళు ఎవరూ లేరు.

మరునాడే కడప వెళ్ళి ఫొటో తీయించాము. తెల్లని అంచున్న చిన్న ఫొటోలు, ఆరు. ఛాతీ దాకానే పడింది. తన చేతులు పడలేదేమని అత్త ఫొటో ఆయనను అడిగింది. సర్కారుకు ముఖం చాలని ఆయన అన్నాడు. చేతులు చూస్తేనే కదా మనిషి తెలిసేదని అత్త దారిపొడవునా గొణిగింది. అర్జీలు రాసే ఆయన ఇంగ్లీషులో రెండు ప్రతులు నింపి, ఫొటోలు అంటించి, వాటి మీద సంతకం చేయమన్నాడు. అత్తకు తన పేరు తప్ప వేరే అక్షరం రాయడం రాదు. ఆ పేరును మాత్రం గింజలు పేర్చినట్టు రాస్తుంది. ఫొటో లోపల, కింది భాగంలో, ముద్దుగా రాసింది. తపాలాలో పంపాము.

రెండు నెలలకు అవి తిరిగి వచ్చాయి. ఫొటో మీద సంతకం సరిగా లేదన్నారు. గడువుకు ఐదు రోజులే ఉంది. నాయన, అత్త, నేను తెల్లవారి బస్సుకు కడప కచేరీకి వెళ్ళాము. చదవడం వచ్చినదాన్నని నన్ను తీసుకుపోయారు కానీ, అంతమంది మగవాళ్ళ మధ్య నాకు నోరు పెగల్లేదు. గుమాస్తా పెద్దమనిషి. విసుక్కుంటూనే కొత్త ప్రతులు రెండు తానే నింపి, ఫొటోలు అంటించి, సంతకం సగం ఫొటో మీద, సగం కాగితం మీద పడాలని చెప్పాడు. అత్త తలూపింది.

నేను ఆమె చేయి చూస్తున్నాను. ఫొటో మధ్యలో మొదలుపెట్టింది. అక్షరాలు తెల్లని అంచును సమీపించేసరికి చిన్నవయ్యాయి, ఒకదాని మీదికి ఒకటి ఎక్కాయి. అంచు దగ్గర కలం దానంతట అదే పైకి లేచింది. రెండో ప్రతి మీదా అదే జరిగింది. నాకు అర్థమైంది. ఇన్నేళ్ళలో ఆమె చేయి ఏనాడూ చీర నడుమ నేసే పువ్వును, బుటాను, అంచు మీదికి పోనివ్వలేదు. బుటా అంచుకు తగిలితే చీర చెడినట్టే. 

గుమాస్తా కలం బల్ల మీద పెట్టాడు. నాయన సంచిలో చేయి పెట్టి చూశాడు. ఇక మిగిలినవి రెండే ఫొటోలు. గుమాస్తా ఏమనుకున్నాడో, చెడిన ఫొటోల కింద గోరు దూర్చి లాగాడు. రెండూ సులభంగా ఊడివచ్చాయి. కాగితం మీద గీత కూడా లేదు. మిగిలిన రెండింటినీ అదే చోట అంటించి, ఇక ఇదే ఆఖరని ఆమె ముందుకు తోశాడు.

అత్త కలం ముట్టలేదు. ఫొటో ఊడిన తీరు గురించే ఆలోచిస్తోంది.

“ఇంత సులువుగా ఊడొస్తే, ఈడ ఇంగొకరి మొగం అంటిస్తే ఎవురికి తెలుస్తాదప్పా?” అంది.

“అందుకే కదమ్మా, సంతకం రెండింటి మీదా పడాలనేది. ఫొటో పీకితే సంతకం తెగిపోతుంది.”

అత్త ఆయన వైపు చూసింది. తర్వాత నవ్వింది.

“అట్ల జెప్పల్ల గదా మొదలే. నేను బుటా అనుకుంటి. ఇది అంచు కలిపే పని.”

కొంగుతో వేళ్ళు తుడుచుకుని కలం అందుకుంది. మొదటి అక్షరం ఫొటో మీద. రెండోది సరిగ్గా తెల్లని అంచు మీదుగా, సగం అటు, సగం ఇటు. మిగిలినది కాగితం మీద. రెండు ప్రతుల్లోనూ ఒకే కొలత. ఒకదాని మీద ఒకటి పెట్టి వెలుతురుకు పట్టినా తేడా కనిపించదు. గుమాస్తా నిజంగానే అట్లా పట్టి చూశాడు.

“ఇబ్బుడు పీకి సూడప్పా” అంది అత్త.

ఆయన పీకలేదు. పక్క బల్ల ఆయనను పిలిచి చూపించాడు. తర్వాత లోపల దొరకు ఇచ్చే ముందు అర్జీలో రాసినవి ఒక్కొక్కటే తెలుగులో చదివి వినిపించాడు. తండ్రి పేరు, పుట్టిన ఊరు, వచ్చిన తేదీ. వృత్తి దగ్గర ఇంటిపని అని చదివాడు.

“ఎవురి ఇంటిపని?” అని అత్త అడిగింది.

పాత అర్జీలో అట్లా ఉంటే దించానని, ఆడవాళ్ళకు అట్లాగే రాస్తారని ఆయన అన్నాడు. తాను నేతమనిషినని, అది కొట్టేసి నేత అని రాయమని అత్త అంది. కొట్టివేత ఉంటే లోపల అడుగుతారని, మళ్ళీ తిప్పి పంపినా పంపుతారని గుమాస్తా హెచ్చరించాడు. నాయన ఆమె మోచేయి పట్టుకున్నాడు. ఇంత కష్టపడి ఒడ్డున పడ్డాక ఈ ఒక్క మాట కోసం ఎందుకని బతిమాలాడు.

“నా మొగానికి నా చేతులు ల్యాకుండా చేసిరి, ఊరుకుంటి” అంది అత్త. “నా పని గూడా ల్యాకపోతే, ఆ కాగితంలో ఉండేది ఎవురు, అన్నా?”

నాయన చేయి వదిలేశాడు. గుమాస్తా ఆ మాట కొట్టేసి కొత్త మాట రాసి, దిద్దిన చోట పక్కన సంతకం చేయమన్నాడు. అత్త ఆ ఇరుకు చోటులో కుదురుగా రెండు సంతకాలు చేసింది. మేము మధ్యాహ్నం దాకా వరండాలో నిలబడ్డాము. నాయన ఒకచోట నిలవలేకపోయాడు. ఆఖరికి గుమాస్తా బయటికి వచ్చి, అర్జీ తీసుకున్నారని, ఈ దేశానికి కట్టుబడి ఉంటానని ప్రమాణం చేయడానికి కబురు పంపుతారని చెప్పి, అర్జీ ముట్టిన రసీదు అత్త చేతికే ఇచ్చాడు.

ప్రమాణం అయిన నెలన్నరకు పౌరసత్వ పత్రం వచ్చింది. అత్త మగ్గం గుంతలో ఉంది, లేవలేదు. నన్నే చదవమంది. నేను ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుంటూ ఆమె పేరు, తాత పేరు చదివాను.

“ఇంటిపని అని ల్యాదు గదా?”

“ల్యాదత్తా. నేత అనే ఉండాది.”

ఆ మాట ఎక్కడుందో చూపించమంది. చూపించాను. తనకు రాని ఆ అక్షరాల మీద వేలు ఉంచి, పెరట్లో పడుగు ఆరేస్తున్న నాయనను పిలిచింది.

“అన్నా, ఇట్లొచ్చి సూడు.”