మాస్కుకు గంజి పెట్టిన మొనగాడు

లోకమంతా కరోనాతో అల్లాడుతున్న రోజుల్లో నేనూ బుర్ర ఉపయోగించాను. అదే నేను చేసిన తప్పు. శాస్త్రజ్ఞులు మందు కోసం తలలు పట్టుకుని కూర్చుంటే, కువైట్‌లో ముబారక్ అల్ కబీర్‌లోని ఒక చిన్న లాండ్రీలో, ఇస్త్రీ బల్ల ముందు నిలబడి నేను కూడా తల పట్టుకున్నాను. వాళ్ళ తలలోంచి టీకా వచ్చింది. నా తలలోంచి వచ్చిన దానివల్ల ఒక పెళ్ళి ఆగబోయింది, మర్యాదస్తుల మీసాలు పలచబడ్డాయి. నవ్వదలుచుకున్నవాళ్ళు ఇప్పుడే మొదలుపెట్టండి. తర్వాత నన్ను తిట్టడానికే టైము సరిపోతుంది.

మాది రాయచోటి దగ్గర పల్లె. నాతోపాటు ఆ లాండ్రీలో ఖాదర్ బాషా అన్న ఉండేవాడు. రాయచోటి టౌను మనిషి, వయసులో పెద్ద. కౌంటరు ఆయనది, ఇస్త్రీ నాది. ఆవిరి నా వంతు, అరుపులు ఆయన వంతు.

ఆ రోజుల్లో మా కౌంటరు దగ్గర బట్టలకంటే వాదనలే ఎక్కువ పోగయ్యేవి. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకు మాస్కు అక్కర్లేదని మొదట్లో చెప్పారు. తర్వాత అందరూ కట్టుకోవాల్సిందే అన్నారు. గుడ్డదైనా చాలు, సబ్బుతో ఉతికి వాడుకోండి అన్నారు. పొద్దున "మాస్కెందుకు దండగ" అని వాదించిన మనిషే సాయంత్రం రెండు మాస్కులు కట్టుకొచ్చి, ఒక్కటే కట్టుకున్నవాళ్ళని చూసి బుగ్గలు నొక్కుకునేవాడు. ముక్కున వేలేసుకుందామంటే ముక్కు దొరికేది కాదు మరి.

ఇంతమంది ఇన్ని చెబుతుంటే నేనొక్కణ్ణీ ఊరుకోవడం ఏం బాగుంటుంది? ఒకరోజు నా సిద్ధాంతం బయటపెట్టాను.

"అన్నా, గుడ్డలో సందులుంటాయి గదా?"

"ఉంటాయి. లేకపోతే గాలెట్లాడుతుంది?" అన్నాడు ఖాదర్ అన్న.

"ఆ సందుల్లోంచే గదా వైరస్సు దూరేది. సందులు మూసేస్తే?"

"మనిషి సస్తాడు."

"అంతా మూసేది కాదన్నా! గంజి పెడితే సన్నగైతాయి. వైరస్సు వచ్చి గోడకు కొట్టుకున్నట్ల కొట్టుకుని పడిపోతుంది."

"సర్కారోళ్ళు గంజి పెట్టమని యాడ చెప్పినార్రా?"

"సబ్బుతో ఉతకమన్నారా లేదా?"

"అన్నారు."

"ఉతికినాక?"

"ఆరేస్తాం."

"ఆరేసే ముందర?"

ఆయన అనుమానంగా చూసి, "పిండుతాం" అన్నాడు.

"పిండేదానికీ ఆరేసేదానికీ నడుమ గంజి లేకుండా మన అంగట్లోంచి ఒక్క తెల్లగుడ్డన్నా బయటికి పోయిందా? తెలిసిన సంగతే గదా అని వాళ్ళు చెప్పల్యా. అన్నం తినండి అంటారు గానీ, నమలండి అని కూడా అంటారా యాడన్నా?"

ఖాదర్ అన్న నాకు రెండు చేతులూ జోడించాడు. "సుబ్బరాయా, నువ్వు చదువుకోకపోవడం మంచిదైంది. చదివుంటే దేశానికే పెట్టేవాడివి గంజి" అన్నాడు. నేను దాన్ని మెచ్చుకోలు కింద జమ వేసుకున్నాను.

ఇక్కడ మీకు అబూ నాసిర్ గురించి చెప్పాలి. ఆయన మా అంగడికి పెద్ద దిక్కు. ఇంటినిండా కొడుకులు, ఒక్కొక్కరికీ బీరువానిండా దిష్‌దాషాలు, అంటే మడమలదాకా ఉండే తెల్లటి పొడుగు చొక్కాలు. ఆయన ముక్కుసూటి మనిషి, కోపం కూడా ఆ ముక్కు మీదే. మాస్కు వచ్చాక ఆ కోపం కనబడకుండా పోయిందే తప్ప తగ్గలేదు. లాక్‌డౌన్ తర్వాత అంగడి తెరిచిన రోజున మా కఫీల్, అంటే మాకు వీసా ఇచ్చిన యజమాని, ఫోన్ చేసి ఒకే మాట చెప్పాడు: "అబూ నాసిర్ మూట వచ్చినంతకాలం ఇద్దరూ ఉంటారు. మూట ఆగిన రోజున ఇస్త్రీవాడికి టికెట్టు." ఊళ్ళో నా ఇంటి గోడలు అప్పటికి నడుమెత్తే లేచాయి. అబూ నాసిర్ మూట మీదే ఆ ఇంటి కప్పు నిలబడాలి.

అలాంటి అబూ నాసిర్ ఒకనాడు స్వయంగా వచ్చి కౌంటరు మీద ఒక సంచి పెట్టాడు. చిన్నకొడుకు నిఖా అట. ఇంట్లోనే, కొద్దిమందితో. దిష్‌దాషాల గుడ్డతోనే ఇంటి మగవాళ్ళందరికీ మాస్కులు కుట్టించాడు. "యా సదీక్, మిత్రమా, పెళ్ళికి ఇవి. జాగ్రత్త" అన్నాడు.

జాగ్రత్త అన్నాక ఊరుకుంటానా? మామూలు గంజికి రెండింతలు చిక్కగా కలిపాను. గుత్రా అంటే కువైటీలు తలమీద వేసుకునే తెల్లగుడ్డ. నుదుటి మీద దాని మడత మొనదేలి నిలబడటమే వాళ్ళకు అందం. ఆ మడత పెట్టడంలో మా వీధిలో నాకు పేరుంది. పేరున్న చెయ్యి ఊరుకోలేదు. ప్రతి మాస్కుకీ నడిమధ్యన నిలువుగా, కత్తిలాంటి మడత తీశాను. అయ్యాక బల్ల మీద వరసగా పెడితే వాటంతటవే కూర్చున్నాయి. వేలితో కొడితే టక్కుమన్నాయి.

ఖాదర్ అన్న వాటిని చూసి, "ఏందిరా ఇవి? పెండ్లికి పోయేవా, గింజలు పొడిచేవా?" అన్నాడు.

"రక్షణ కవచాలన్నా."

"ఒకటి తిరగేసి ఇయ్యి. టీ పోసుకుంటా."

నవ్వేవాళ్ళు నవ్వుతారులెమ్మని మాస్కులు పంపేశాను. పెళ్ళికొడుకు దిష్‌దాషా మీద వేసుకునే నల్ల అంగీ, బిష్త్, మాత్రం నా దగ్గరే ఆగింది. దాన్ని చివరి నిమిషంలో ఇస్త్రీ చేసి నేనే తీసుకెళ్ళాను. అందువల్ల జరిగినదంతా గుమ్మంలో నిలబడి కళ్ళారా చూసే భాగ్యం నాకు కలిగింది.

హాల్లో అబూ నాసిర్, కొడుకులు సోఫాల్లో కూర్చున్నారు. దూరం నుంచి చూస్తే వేలానికి పెట్టిన కొంగల్లాగా ఉన్నారు. ఒకరు ఇటు తిరిగితే పక్కవాడు తన మొన కాపాడుకోవడానికి అటు తిరుగుతున్నాడు. అంతవరకూ పర్వాలేదు. కొత్త ఫ్యాషనని పెళ్ళికూతురి వైపువాళ్ళు ఒకరిద్దరు మెచ్చుకున్నారు కూడా. గంజి గురించి నేను మర్చిపోయింది ఒక్కటే. తడి తగిలితే అది మళ్ళీ గంజే అవుతుంది. మనిషి శ్వాసలో తడి ఉంటుంది. కువైట్ ఇళ్ళల్లో ఏసీ ఉంటుంది. శ్వాసకు తడిసింది, ఏసీకి ఆరింది. ఆరుతూ ఆరుతూ మీసాలనూ గడ్డాలనూ గట్టిగా కౌగిలించుకుంది.

ఖాజీగారు పెళ్ళికొడుకుని అడిగారు, "నీకు సమ్మతమేనా?"

పెళ్ళికొడుకు నోరు తెరవబోయాడు. తెరుచుకోలేదు. "మ్మ్" అన్నాడు.

"స్పష్టంగా చెప్పు నాయనా."

"మ్మ్మ్!"

పెళ్ళికూతురి మేనమామ లేచాడు. "ఏమిటిది? అబ్బాయికి ఇష్టం లేదా?"

అబూ నాసిర్ "అయ్యో, ఉంది ఉంది" అనబోయాడు. ఆయన కూడా "మ్మ్ మ్మ్" అన్నాడు. కొడుకులందరూ కలిసి "మ్మ్" అన్నారు. నోట మాట రాకపోవడం అంటే అప్పటిదాకా ఏదో మాటవరసకు అంటారనుకునేవాణ్ణి. పెళ్ళికొడుకు తెగించి మాస్కు పట్టుకుని కిందికి లాగాడు. దాంతోపాటు మీసంలో కొంత వచ్చింది, గొంతులోంచి ఒక కేక వచ్చింది. ఆ కేకను సమ్మతి కింద తీసుకోవాలా వద్దా అని ఖాజీగారు నిజంగానే ఆలోచనలో పడ్డారు.

అప్పుడు అబూ నాసిర్ చూపు గుమ్మం వైపు తిరిగింది. చెయ్యి ఎత్తి, వేలు చాచి, మొన కూడా నా వైపే గురిపెట్టి, ఒక్కటే అన్నాడు: "మ్మ్!"

అరబ్బీలో నాకు అంత బాగా అర్థమైన మాట ఇంకోటి లేదు.

అతిథుల మీద చల్లడానికి పెట్టిన వెండి పన్నీరు బుడ్డి అక్కడ కనబడింది. అది తీసుకుని ఒక్కొక్కరి ముందు మోకాళ్ళ మీద కూర్చుని, పన్నీరు చల్లి, మీసాలు నానబెట్టి, మాస్కులు ఊడదీశాను. పెళ్ళికొడుకు నుంచి పెద్దాయన దాకా వరసగా. అంత సువాసన గల అవమానం ఇంకెవరికీ జరిగి ఉండదు. నిఖా అయింది. వెళుతూ వెళుతూ ఖాజీగారు, "మాస్కు గడ్డం కిందికి జారనివ్వని ఇల్లు ఇదొక్కటే చూశాను" అన్నారు. పొగడ్తో ఎత్తిపొడుపో ఇప్పటికీ తెలియదు.

మర్నాడు అబూ నాసిర్ అంగడికి వచ్చాడు. పై పెదవి ఎర్రగా ఉంది. కౌంటరు మీద ఒక మాస్కు పెట్టాడు. మొన చెక్కుచెదరలేదు.

"షినో హాదా?" అన్నాడు. ఏమిటిది అని.

"మాస్కు బాబా."

"నీ కఫీల్‌కి ఫోన్ చేస్తే నువ్వు ఖలాస్. చెయ్యను. కానీ రోజూ మూట నువ్వే మా ఇంటికి తేవాలి. నడిచి. ఇది కట్టుకుని. సర్కారు మాస్కులు తియ్యమనేదాకా. ఒక్కరోజు తప్పితే మూట ఖలాస్."

కట్టుకున్నాను. వీధి పిల్లలు నన్ను చూసి కోడిలా కూసేవాళ్ళు. ఆ ఇంట్లో వంటచేసే కడప అక్క ఒకామె గుప్పిట్లో బియ్యం తెచ్చి, "దా నాయనా, తినిపో" అనేది. ఖాదర్ అన్నయితే వచ్చిన ప్రతి గిరాకీకీ నన్ను చూపించి, "ఒరిజినల్ పీసు" అని పరిచయం చేసేవాడు. మాస్కుల వాదనలో నేను పార్టీ మారిపోయాను. "తీసెయ్యాలి, మనిషన్నాక గాలాడాలి" అని కౌంటరు మీద గుద్ది మరీ వాదించేవాణ్ణి. సర్కారు నా మాట వినడానికి చాలా కాలం పట్టింది.

ఆ కాలమంతా నేను బతికింది ఒక చిన్న పగ వల్ల. గేటు దగ్గర అబూ నాసిర్, మామూలు కాగితపు మాస్కుతో, నన్ను పైనుంచి కిందిదాకా చూసి మూట తీసుకునేవాడు. నేను ఒంగి సలాం చెప్పేవాణ్ణి. చెబుతూ, ఆ మొన కింద, నా నాలుక మొత్తం బయటపెట్టి ఆయన్ని వెక్కిరించేవాణ్ణి. కుడికి ఒకసారి, ఎడమకి ఒకసారి. మడత పుణ్యమా అని లోపల చోటుకి లోటు లేదు. పైన కళ్ళలో వినయం, కింద నాలుకలో నాట్యం. రోజూ. శుక్రవారం కాస్త ఎక్కువ.

చివరికి ఆ రోజు వచ్చింది. బయట మాస్కు అక్కర్లేదన్నారు. నున్నగా గడ్డం గీసుకుని, పౌడరు పూసుకుని, మూట భుజాన వేసుకుని రాజాలా వెళ్ళాను. గేటు దగ్గర అబూ నాసిర్ కూడా మాస్కు లేకుండా ఉన్నాడు. ఒంగాను. "సలాం అలైకుం" అన్నాను. అలవాటైన నాలుక అలవాటుగా బయటికొచ్చింది. పట్టపగలు, కువైట్ ఎండలో, వేరు దాకా, కుడికి ఒకసారి, ఎడమకి ఒకసారి.

తర్వాత గాలి తగిలింది. అప్పుడు తెలిసింది.

నా కళ్ళ ముందు మా ఊరి మొండిగోడలు తిరిగాయి. అబూ నాసిర్ కదల్లేదు. వీధిలో అటు చూశాడు, ఇటు చూశాడు. ఎవరూ లేరు. అప్పుడాయన నాలుక బయటపెట్టాడు. ఎంత పొడుగు, ఎంత నిదానం, తిప్పడంలో ఎంత ఒడుపు! ఆ వేళే మొదలుపెట్టిన నాలుక కాదది. కాగితపు మాస్కు కింద రోజూ సాధన చేసిన నాలుక.

దాన్ని లోపలికి తీసుకుని, మూతి తుడుచుకుని, మూట అందుకుని, "రేపు ఇంకో మూట ఉంది, తొందరగా రా. యల్లా" అన్నాడు.

ఆ సాయంత్రం ఇస్త్రీపెట్టె మీద చెయ్యి వేసి, చల్లారాకే లెండి, ప్రమాణం చేశాను. సర్కారు చెప్పిన మాటకి నా మాట ఇక ఎన్నడూ కలపను. ఎవరినైనా వెక్కిరించే ముందు, మూతి మీద గుడ్డ ఉందో లేదో తడిమి చూసుకుంటాను.