తెల్లనెత్తి పావురం బోర్డు

శృంగవరపుకోటలో అసిరయ్య నలభై ఏళ్లుగా బోర్డులు రాస్తున్నాడు. ఫ్లెక్సీలొచ్చాక పని పల్చబడింది. అందుకే, ఘాట్ రోడ్డు పక్కన పెట్టడానికి పావురం బొమ్మతో రేకు బోర్డు కావాలని అటవీశాఖ రేంజరు కబురు పెట్టగానే ఒప్పేసుకున్నాడు. పావురమే కదా అని బస్టాండు కప్పు మీద వాలే బూడిదరంగు పావురాన్ని దించేశాడు. కింద ఎర్రటి అక్షరాలతో ‘అంతరించిపోతున్న పక్షి’ అని రాశాడు.

బోర్డు సరిచూడ్డానికి, పక్షుల మీద పరిశోధన చేసే నవీన్ ఎచ్చెర్ల నుంచి వచ్చాడు. చూసి తల పట్టుకున్నాడు.

“ఇది ఊళ్లో పావురం మావా. మనకి కావాల్సింది అడివిది. ఒళ్లు ముదురెరుపు, నెత్తి తెలుపు.”

అసిరయ్య చెరిపేసి, ఫోన్లో ఫొటో చూసి మళ్లీ వేశాడు. రెండు రోజులు పట్టింది. ఈసారి నవీన్ అక్షరాల దగ్గర ఆగాడు.

“‘అంతరించిపోతున్న’ అనకూడదు మావా. ముప్పులో ఉన్న జాతుల జాబితాలో అది ఇంకో మెట్టు పైన. ఇది ‘ముప్పున్న’ జాతి.”

“ఏటి తేడా? సస్తన్నాదా, లేదా? అది సెప్పు.”

“తగ్గిపోతన్నాది. కానీ జాబితాలో ఇంకా ఆ వర్గంలో పెట్టలేదు.”

“పెట్టినాకే రాయించుకోలేకపోయారా?” అసిరయ్య కుంచెను డబ్బాలోకి విసిరాడు.

అయినా మార్చాడు. మర్నాడు రేంజరొచ్చి, ‘ముప్పున్న పక్షి’ అంటే ఆ పావురం వల్ల మనకే ముప్పని జనం అనుకుంటారని, పాతదే రాయమన్నాడు. ఫోన్లో నవీన్ ససేమిరా అన్నాడు.

అసిరయ్యకు ఒళ్లు మండిపోయింది. ఫోను లాక్కున్నాడు. “ఒరే బాబూ, మీరిద్దరూ తేల్సుకోండి. నేకపోతే ఆ పక్షినైనా నాకోపాలి సూపించు. దేని గురించి రాస్తన్నానో నాకే తెలీడంనేదు!”

ఆ ఆదివారం నవీన్ అతన్ని బండెక్కించుకుని కొండవార అడవికి తీసుకెళ్లాడు. మూడు గంటలు దోమల్లో కూర్చున్నారు. అసిరయ్య తిడుతూనే ఉన్నాడు. చివరికి జువ్విచెట్టు మీద పళ్లు తింటూ ఒక్కటి కనిపించింది. ఎండ తగిలి దాని మెడ ఆకుపచ్చగా, ఊదాగా మెరిసింది.

“ఒక్కటేనా?” గొంతు తగ్గించి అడిగాడు.

“ఈ నెలలో నాకు కనబడింది ఇదొక్కటే మావా.”

ఇంటికొచ్చి బొమ్మ మెడ మొత్తం తుడిచి కొత్తగా వేశాడు. ఎవరినీ అడక్కుండా ‘ఈ పావురాలు తగ్గిపోతున్నాయి. కొట్టకండి’ అని రాసేశాడు. వర్గం పేరేదని రేంజరు అడిగితే, కింద జానెడు ఖాళీ చూపించాడు.

“అక్కడ ఏటి రాయాలో కాయితం మీద రాసి, ఇద్దరూ సంతకాలెట్టి తెండి.”

బోర్డు నిలబెట్టి ఎనిమిది నెలలైంది. ఆ కాయితం ఇంకా రాలేదు.