లేని డ్రమ్మర్‌కు ముప్పై ఒక్క పొగడ్తలు

గద్వాల నుంచి నాగర్‌కర్నూల్ దాకా ఇప్పటికీ కొంతమంది ఒక డ్రమ్మర్ కోసం అడుగుతున్నారు. పెళ్లికి పిలవాలట! అయ్యా, ఆ డ్రమ్మర్ దొరకడు. అతను పుట్టనే లేదు. ఒకే ఒక్క అభిప్రాయం రాసి, లేని మనిషిని పుట్టించి, ఉన్న మనిషి సంగీతాన్ని దాదాపు పాతిపెట్టిన ఘనుణ్ణి నేనే. ఆరేళ్లుగా ఈ సంగతి మీద ఎవరికి తోచిన కథ వాళ్లు చెబుతున్నారు. ఇవాళ అసలు కథ పూర్తిగా చెప్పేదాకా కూర్చున్న చోటు నుంచి లేవను.

మా వీధి చివర జిలానీ చాచా ఉంటాడు. నలభై ఏళ్లు పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలో గిటార్ వాయించాడు. మనసంతా మాత్రం బ్లూస్ మీదే. ఎక్కడో అమెరికాలో పత్తిచేలల్లో చాకిరీ చేసిన నల్లవాళ్ల దుఃఖంలోంచి వచ్చిన పాట అది.

"పత్తి చేన్ల పుట్టిన పాట బేటా. మన గద్వాలోళ్లకు గాక ఇంకెవలికి సమజైతది?" అనేవాడు.

పెళ్లిలో పొరపాటున ఆ బాణీ ఎత్తుకుంటే, పెళ్లికూతురి తల్లి వంటల దగ్గర నుంచి పరుగెత్తుకొచ్చి "అప్పగింతలు అప్పుడే మొదలైనయా?" అని కళ్లొత్తుకునేది.

డెబ్బై ఒకటో ఏట చాచా పంతం పట్టాడు. ఇంట్లో ఒక గది గోడలన్నిటికీ బొంతలు కట్టి, ఒంటరిగా కూర్చుని ఆరు సొంత బాణీలు వాయించి, రికార్డు చేసి ఆల్బమ్‌గా నెట్‌లో పెట్టాడు. వనపర్తిలో ఒక కాలేజీ వాళ్లు వచ్చి వాయించమన్నారు. చాచా వాళ్లకు ఇంకా మాట ఇవ్వలేదు. నన్ను పిలిచాడు.

"నర్సిములు, నలుగురికి చెప్పు. ఇని, ఏమనిపిస్తే గది రాయుమను. తిట్టినా మంచిదే. జర చెవు పెట్టి ఇన్నోడు ఒక్కడున్నా వనపర్తిల వాయిస్త. లేకుంటే తీగలు ఊడదీసి గిటారు అటక మీదేస్త."

"ఒక్కడేంది చాచా! ఊరు ఊరంత ఇంటది. నేనున్న గద!"

ఈ 'నేనున్న గద' అన్నమాట నా నోట్లోంచి ఊడిపడ్డ ప్రతిసారీ ఎవరో ఒకరు మునిగారు. చాచాకు ఆ సంగతి తెలియదు పాపం.

నేను చీరలు నేసేవాణ్ణి. అంచు నేతకు ఇద్దరం కావాలి కాబట్టి గుంట మగ్గం మీద నేనూ నా భార్య పద్మా పక్కపక్కన కూర్చుంటాం. పాట వినాలి, చీర ఆగకూడదు. అందుకని ఫోన్‌ను మగ్గం పక్కన పెట్టి, పాట పెట్టి, నేత సాగించాను. ఆహా, ఏం చెప్పను! గిటార్ ఏడుస్తుంటే వెనకనుంచి డ్రమ్ము భుజం తట్టి ఓదారుస్తున్నట్టుంది. గిటార్ నెమ్మదిస్తే డ్రమ్మూ నెమ్మదిస్తుంది. గిటార్ ఆగితే అదీ టక్కున ఆగుతుంది.

"ఏందయ్యా, జ్వరమొచ్చినోని లెక్క నేస్తున్నవ్?" అంది పద్మ.

"నీకు తెల్వదు, ఊకో. సంగీతం ఇంటున్న."

"సంగీతమింటే మూర నేసెటోడు జానెడు నేస్తడా?"

కళ తెలియని మనిషితో వాదించడం ఎందుకని, ఆరు బాణీలూ అయిపోగానే ఆల్బమ్ కింద మొట్టమొదటి అభిప్రాయం నేనే రాశాను: 'గిటార్ బాగుంది. కానీ ఈ ఆల్బమ్‌కు ప్రాణం డ్రమ్మర్. ఆ మనిషి చేతులకు దండం పెట్టాలి.'

అక్కడితో ఆగితే నేను నర్సిములునెందుకవుతాను? మూడు జిల్లాల్లో తెలిసినవాళ్లందరికీ ఫోన్లు చేశాను. నాగర్‌కర్నూల్‌లో ఉండే నా బామ్మర్ది శీను అడిగాడు.

"ఏం రాయాలె బావా?"

"ఇని రాయి."

"నువ్వు రాసింది సూసిన తియ్యి. గంతే గద!"

అప్పుడైనా నాకు అనుమానం రావాలి. రాలేదు. రెండు రోజుల్లో ముప్పై ఒక్క అభిప్రాయాలు వచ్చాయి. పెద్దమందడి పంతులుగారు 'డ్రమ్ము అద్భుతం' అన్నారు. ఖిల్లా ఘణపూర్ దోస్తు 'గిటార్ తగ్గించి డ్రమ్ము పెంచితే ఇంకా బాగుండేది' అని సలహా ఇచ్చాడు. మన్ననూరు అడవిలో, చెట్టెక్కినా సిగ్నల్ దొరకని చోట పనిచేసే వెంకటయ్య ఎక్కడ విన్నాడో ఏమో, 'డ్రమ్ము వింటే ఒళ్లు జలదరించింది' అని రాశాడు. నేను గర్వంతో పొంగిపోయి మూడో రోజు పొద్దున్నే చాచా ఇంటికి వెళ్లాను.

చాచా బొంతల గదిలో గిటార్ ఒళ్లో పెట్టుకుని తీగ వదులు చేస్తున్నాడు.

"రా బేటా. గీ డ్రమ్మర్ ఎవడు?"

"గదే నేనడుగుదామనుకున్న చాచా! కర్నూలోడా, రాయచూరోడా?"

"గీ అర్రల నేనున్న, గిటారున్నది, బొంతలున్నయి. ఇంకెవడున్నడు?"

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. ఇంకో తీగ వదులు చేశాడు.

"ముప్పై ఒక్కమంది రాసిన్రు. అందరికీ లేనోడు ఇనిపించిండు, ఉన్నోడు ఇనిపియ్యలే."

"చాచా, నేనిన్న! ఒట్టు! ఆరు పాటలు ఇన్న!"

"మరి డ్రమ్ము?"

"అది కూడ ఇన్న!"

"సైతాను వాయించిండా?"

ఫోన్ తీసి అక్కడే పాట పెట్టాను. గిటార్ ఒక్కటే. శబ్దం పెంచాను. చెవికి ఆనించాను. ఎందుకైనా మంచిదని బొంతల వెనక కూడా చూశాను. డ్రమ్ము లేదు!

"తీగలు ముట్టకు చాచా! గంటల వస్త!" అని అరిచి ఇంటికి పరుగెత్తాను.

మగ్గం పక్కన అదే చోట ఫోన్ పెట్టాను. డ్రమ్ము లేదు. చెప్పులో రాయి పడితే దులిపినట్టు ఫోన్‌ను దులిపాను. లేదు. నీరసంగా మగ్గం మీద కూలబడి, గుంటలోకి కాళ్లు జార్చాను. అలవాటైన కాళ్లు కింద మగ్గం చెక్కల్ని తొక్కకుండా ఊరుకుంటాయా? దబ్, టక్. దబ్, టక్. వచ్చేశాడు డ్రమ్మర్! కిందికి చూశాను. పద్మ పడీపడీ నవ్వుతోంది.

"గా డ్రమ్మరు నాకు ఇరవై ఏండ్ల సంది ఎరుకే. నా పక్కకే కూసుంటడు!"

పుట్టిన దగ్గర నుంచి మగ్గం మోతలో పెరిగినవాణ్ణి. నా ఊపిరి నాకు వినపడనట్టే నా మగ్గమూ నాకు వినపడదు. వినపడిన ఒక్కరోజూ దానికి దండాలు పెట్టి లోకానికి చాటాను.

సిగ్గుతో చచ్చినా సరే, చాచా గిటార్ అటకెక్కకూడదు. మళ్లీ వెళ్లాను.

"నడువు చాచా, మా ఇంటికి."

"నన్ను పరేషాన్ చెయ్యకు."

"నువ్వు రాకుంటే మగ్గం పీకి గిక్కడికే తెస్త!"

అన్నంత పనీ చేస్తానని తెలుసు కాబట్టి లేచాడు. పాట పెట్టి నేత మొదలుపెట్టాను. చాచా నిలబడి నా కాళ్లకేసే చూస్తున్నాడు. మూడో బాణీ మధ్యలో గిటార్ ఒక్క క్షణం ఊపిరి బిగబట్టినట్టు ఆగుతుంది. నా కాళ్లూ ఆగాయి. మళ్లీ గిటార్‌తోపాటే కదిలాయి. చాచా మెల్లగా గుంట అంచున కూర్చున్నాడు.

"గీడ ఆగాలని నీకెవరు చెప్పిన్రు?"

"ఎవరు చెప్తరు చాచా? కాళ్లే ఆగినయి."

"నలభై ఏండ్లు ఎంతమంది డ్రమ్మర్లకు చెప్పిన, గీడ ఆగున్రిరా అని. ఒక్కడాగలే." నా కాళ్లకేసి వేలు చూపించాడు. "ఒక్కడిన్నడు. చెవులతోటి కాదు, కాళ్లతోటి. చల్తా. వనపర్తికి పోదం. గని ముందుగాల నీ ముప్పైమందికి నిజం రాయి."

వనపర్తిలో చాచా ఒంటరిగా వాయించాడు. జనం కదలకుండా విన్నారు. మధ్యలో ఎవడో "డ్రమ్మరేడి?" అని కేకేస్తే చాచా వేలు నావైపు చూపించాడు. నేను కాళ్లు కుర్చీ కిందికి ముడుచుకున్నాను.

చాచా చెప్పినట్టు, వనపర్తికి పోకముందే నిజమూ రాశాను: 'ఆల్బమ్‌లో డ్రమ్మర్ లేడు. నేను విన్నది నా మగ్గం చప్పుడు. క్షమించండి.' గంట తిరక్కుండా శీను ఫోన్ చేశాడు.

"నాకు అప్పుడే అనుమానమొచ్చింది బావా. రెండోసారి ఇన్నప్పుడు డ్రమ్ము జర తక్కువైనట్టే ఇనిపించింది!"

కనుక పాఠకులారా, నా మగ్గం మీద ప్రమాణం చేసి చెబుతున్నాను. ఇకమీదట గుంటలోంచి పైకొచ్చి, రెండు కాళ్లూ కట్టేసుకుని తప్ప, ఎవరి సంగీతం మీదా అభిప్రాయం రాయను. శీనును అసలే రాయనివ్వను.